బడి వంటల పుస్తకం చూసి వండటం ఎలా? కొలత నుంచి జాడీ దాకా

"పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే చేశాం. అరిసె నూనెలో విడిపోయింది. పచ్చడిలో ఉప్పు నోట పెట్టనివ్వలేదు." గుంటూరు, విజయవాడ ఇళ్ళ నుంచి తరచూ వినిపించే మొర ఇది. బడి వార్షికోత్సవానికో, కొత్త గదుల నిధికో తల్లులు, ఉపాధ్యాయినులు తలా ఒక వంటకం రాసిస్తే అచ్చువేసిన పలచని పుస్తకాలు ఇంకా కొన్ని ఇళ్ళ అటకల మీద ఉన్నాయి. ఒక పేజీ చివర అమ్మమ్మ పేరు కనిపిస్తే ఆ వంట వండకుండా ఉండబుద్ధి కాదు.

తప్పు సాధారణంగా పుస్తకంలో ఉండదు. రాసినవాళ్ళు వంట వచ్చినవాళ్ళ కోసం రాశారు. "పాకం పట్టి పిండి కలపవలెను" అన్న ఒక్క ముక్కలో రెండు పూటల పని దాగి ఉంటుంది. ఉప్పు అంటే ఏ ఉప్పు, మంట అంటే ఎంత మంట అన్నది అప్పటివాళ్ళకు చెప్పనక్కరలేదు. ఇప్పుడు మనం ఆ ఖాళీలను పూరించుకోవాలి. ఈ మార్గదర్శి అంతా దాని గురించే.

1. పొయ్యి వెలిగించే ముందు

పుస్తకాన్ని వంటింట్లోకి తేవద్దు. ప్రతి పేజీని పగటి వెలుతురులో ఫోనుతో ఫోటో తీసి, వండబోయే వంటకాన్ని ఒక కాగితం మీద చేత్తో రాసుకోండి. చేత్తో రాస్తున్నప్పుడే లోపాలు బయటపడతాయి. సరుకుల జాబితాలో నువ్వులు ఉంటాయి, విధానంలో వాటి ఊసే ఉండదు. విధానంలో నెయ్యి పోయమంటారు, జాబితాలో నెయ్యి కనిపించదు. ఉప్పు అయితే చాలా వంటకాల్లో ఎక్కడా ఉండదు.

చిరిగిన పేజీలకు సెల్లోటేపు వేయకండి, లామినేషన్ చేయించకండి. టేపు కొన్నేళ్ళకు పసుపెక్కి అక్షరాలతో సహా ఊడి వస్తుంది. విజయవాడలో 2024 సెప్టెంబరు బుడమేరు వరదకు తడిసిన పుస్తకాలు ఇప్పటికీ కొందరి దగ్గర అట్టలు కట్టి ఉన్నాయి. వాటిని పొడిగా ఉండగా బలవంతంగా విడదీయకండి. ఫోటోలకు దొరికినన్ని పేజీలతో సరిపెట్టుకోవడమే మేలు. ఇకముందు ఏ పుస్తకమైనా తడిస్తే ఎండలో పెట్టకుండా, పేజీల మధ్య తెల్ల కాగితాలు పెట్టి, ఫ్యాను కింద ఆరనివ్వండి. వార్తాపత్రిక కాగితం పెడితే దాని సిరా అంటుకుంటుంది.

రాసుకున్నాక క్రియలను విడదీయండి. "బియ్యము నానబోసి దంచి జల్లించి పాకములో పోసి కలిపి" అని ఉంటే అది ఒక వాక్యం కాదు, అయిదు పనులు. ఒక్కో పనిని ఒక్కో వరుసలో రాసి, పక్కన ఎంతసేపు పడుతుందో వేసుకోండి. ముందు రోజు చేయాల్సినవి అప్పుడు తెలుస్తాయి.

మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవి:

- జాబితాలోని ప్రతి సరుకూ విధానంలో ఎక్కడో ఒకచోట వచ్చిందా?
- విధానంలో వచ్చిన ప్రతిదీ జాబితాలో ఉందా?
- కొలతలన్నీ ఒకే పద్ధతిలో ఉన్నాయా, తూకమూ కొలపాత్రా కలిసిపోయాయా?
- ముందు రోజు పని ఏమైనా ఉందా?
- రాసిన పరిమాణం ఎంతమందికి? పండుగ లెక్కలో రాసినదైతే పావు వంతుతో మొదలుపెట్టండి.

ఇంకొక సంగతి. ఇలాంటి పుస్తకాల్లో పేజీకొక వంటిల్లు. 12వ పేజీలోని గ్లాసు, 13వ పేజీలోని గ్లాసు ఒకటి కావు. ఒక వంటకంలో సరిపోయిన లెక్కను పక్క వంటకానికి మోసుకుపోకండి.

2. కొలతలు మార్చుకోవడం

సగానికి సగం వంటలు చెడేది ఇక్కడే. తూకాలు, కొలపాత్రలు, కంటి కొలతలు అని మూడు రకాలుంటాయి. మూడింటికీ మూడు దారులు.

*తూకాలు.* ఇవి తేలిక, లెక్క స్థిరంగా ఉంటుంది.

- తులం, లేదా రూపాయి ఎత్తు: సుమారు 12 గ్రాములు
- పలం, అంటే 3 తులాలు: 35 గ్రాములు
- ఏబలం, అంటే 5 పలాలు: 175 గ్రాములు
- పదలం, అంటే పావు వీశె: 350 గ్రాములు
- అర్ధవీశె: 700 గ్రాములు
- వీశె, అంటే 40 పలాలు: 1.4 కిలోలు
- ఔన్సు: 28 గ్రాములు, పౌను: 454 గ్రాములు

రూపాయి ఎత్తు అంటే పాత వెండి రూపాయి బరువు. ఇప్పటి నాణెం వేసి తూచకండి.

ఒక్క శేరు దగ్గర మాత్రం ఆగి ఆలోచించండి. మన కోస్తా జిల్లాల పాత లెక్కలో శేరు 24 తులాలు, అంటే 280 గ్రాములు. అయిదు శేర్లు ఒక వీశె. పక్కా శేరు 80 తులాలు, అంటే 930 గ్రాముల పైమాటే. రాసినావిడ ఏ శేరు అనుకుందో పక్కనున్న సరుకును బట్టి తేల్చాలి. శేరు మినుములకు పదలం బెల్లం అంటే చిన్న శేరు. శేరు మినుములకు అర్ధవీశె బెల్లం అంటే పెద్దది.

మెట్రిక్ తూనికలు 1958లో మొదలై 1962 నాటికి తప్పనిసరి అయ్యాయి. ఆ నాలుగైదేళ్ళలోనూ, ఆ తర్వాత కొంతకాలంలోనూ అచ్చయిన పుస్తకాల్లో ఒకే వంటకంలో వీశె, గ్రాము రెండూ ఉంటాయి. అచ్చుతప్పు కాదు, అలవాటు మారుతున్న కాలం.

*కొలపాత్రలు.* 4 గిద్దలు ఒక సోల, 2 సోలలు ఒక తవ్వ, 2 తవ్వలు ఒక మానిక. సోలకు ఇన్ని మిల్లీలీటర్లు అని చెప్పే పట్టికలను నమ్మకండి. ఊరిని బట్టి, పాత్ర చేసినవాణ్ని బట్టి మారేది. ఇంట్లో పాత ఇత్తడి సోల ఉంటే నీళ్ళతో నింపి తూచండి. ఎన్ని గ్రాముల నీళ్ళు పడితే అన్ని మిల్లీలీటర్లు.

సోల లేకపోయినా ఫరవాలేదు. వంటకంలో అన్నీ కొలపాత్ర లెక్కలోనే ఉంటే మీ దగ్గరున్న ఏదో ఒక గ్లాసును సోల అనుకుని, అన్నీ దానితోనే కొలవండి. నిష్పత్తి నిలిస్తే వంట నిలుస్తుంది.

చిక్కు అంతా "మానిక బియ్యము, అర్ధవీశె బెల్లము" లాంటి వాటితోనే. అప్పుడు తూకం తెలిసినదాన్ని పట్టుకుని వెనక్కి రావాలి. అరిసెలకు కిలో బియ్యానికి 700 నుంచి 750 గ్రాముల బెల్లం పడుతుందని ఇప్పటి వంటవాళ్ళందరికీ తెలుసు. అర్ధవీశె 700 గ్రాములు కాబట్టి, ఆవిడ మానిక బియ్యం కిలో దరిదాపుల్లో ఉండాలి. అదే పేజీలోని మిగతా కొలతలకు కూడా ఈ ఆధారం పనికొస్తుంది.

*కంటి కొలతలు.* ఇక్కడ గ్రాముల్లోకి మార్చాలని పట్టుబట్టకండి. నిమ్మకాయంత చింతపండు గింజ తీసి అదిమినది అయితే 30 నుంచి 40 గ్రాములు, ఉసిరికాయంత అయితే అందులో సగం. శనగగింజంత ఇంగువ అన్నది ముద్ద ఇంగువ గురించి. ఇప్పటి డబ్బా పొడిలో పిండి కలిసి ఉంటుంది కాబట్టి అర చెంచా వేయాలి. "అర్ధణా కొత్తిమీర" అని ఉంటే నవ్వుకుని, గుప్పెడు వేసుకోండి. టీ కప్పు అన్నచోట 150 మిల్లీలీటర్లు అనుకోండి. ఇప్పుడు బజారులో దొరికే 240 మిల్లీలీటర్ల కొలకప్పు వాడితే లెక్క తప్పుతుంది.

3. ఆనాటి సరుకు, ఈనాటి సరుకు

*ఉప్పు.* పచ్చళ్ళు పాడయ్యే మొదటి కారణం. పాత పుస్తకంలో ఉప్పు అంటే కల్లుప్పు. రాళ్ళ మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి గిద్దెడు కల్లుప్పు కంటే గిద్దెడు మెత్తని ఉప్పు బాగా బరువు. కొలపాత్రతో చెప్పిన చోట మెత్తని ఉప్పు వాడితే మూడో వంతు తగ్గించి మొదలుపెట్టండి. తూకంలో చెప్పి ఉంటే ఏ ఉప్పైనా ఒకటే. పచ్చడికి మాత్రం కల్లుప్పే కొని, ఎండబెట్టి దంచుకోండి.

*మిరపకాయలు.* "పది మిరపకాయలు" అన్నప్పుడు గుంటూరు ఇల్లాలి మనసులో ఉండేది సన్నం రకం. ఇప్పుడు కొట్లో అడక్కుండా ఇచ్చేది చాలాసార్లు తేజ. అది చిన్నది, కారం ఎక్కువ. తేజ అయితే పదికి ఆరు చాలు. రంగు తగ్గిందనిపిస్తే బ్యాడిగి రెండు కలపండి. ఏడాదికి సరిపడా కొనేవాళ్ళు మిర్చి యార్డుకు కొత్త పంట వచ్చే మార్చి, ఏప్రిల్ నెలల్లో కొనాలి. గుంటూరు పట్నం బజారులో ఒక కాయ విరిచి చూడండి. టక్కున విరగాలి. వంగితే తేమ ఉందని అర్థం.

*బెల్లం.* మెరిసే పసుపు బెల్లానికి తెల్లబరిచే రసాయనాలు ఎక్కువ వాడతారు. పాకానికి ముదురు రంగు, గట్టి అచ్చు బెల్లం తీసుకోండి. చేత్తో నొక్కితే దిగబడే బెల్లం సున్నుండలకు ఫరవాలేదు, అరిసెలకు వద్దు.

*బియ్యం.* ఇప్పుడు మన ఇళ్ళలో ఎక్కువగా వండే సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో వచ్చింది. అంతకుముందు పుస్తకం వేరే బియ్యానికి నీళ్ళు చెప్పింది. కాబట్టి అన్నానికి నీళ్ళ లెక్క పుస్తకంలోది కాకుండా మీ ఇంటి లెక్కే పాటించండి.

*చింతపండు.* కొత్తది లేత రంగు, పులుపు చురుకు. ఏడాది దాటితే నలుపెక్కుతుంది, పులుపు మెత్తబడుతుంది. పులిహోరకు కొత్తది, పులుసుకు పాతది బాగుంటాయి.

*గుడ్లు.* నాటు గుడ్డు చిన్నది. పాత వంటకంలో అయిదు గుడ్లంటే ఇప్పటి ఫారం గుడ్లు నాలుగు.

4. మంట

బొగ్గుల కుంపటి, పొట్టు పొయ్యి, కట్టెల పొయ్యి, కిరోసిన్ స్టవ్వు. ఏ పొయ్యి మీద వండారో పుస్తకం చెప్పదు, మనమే ఊహించాలి. "సెగన ఉంచి" అంటే కుంపటి మీద నివురుగప్పిన నిప్పు. గ్యాసు మీద అంత సన్నని వేడి రావాలంటే చిన్న బర్నరు తగ్గించి, గిన్నె కింద పాత అట్ల పెనం పెట్టండి.

దిబ్బరొట్టెకు "కింద మీద నిప్పులు వేసి" అని ఉంటే మూత మీద కూడా నిప్పులు పోసేవారన్న మాట. గ్యాసుకు అది కుదరదు. అడుగు మందంగా ఉన్న ఇనుప మూకుడులో నూనె కాస్త ధారాళంగా పోసి, పిండి రెండు వేళ్ళ మందాన వేసి, బరువైన మూత పెట్టి, సన్నని మంట మీద 12 నుంచి 15 నిమిషాలు ఉంచి తిరగేయండి. రెండో వైపు మూత లేకుండా కాల్చండి.

పిండి పులియడానికి "రాత్రి రుబ్బి ఉదయమున" అని ఉన్నా క్యాలెండరు చూసి నడుచుకోండి. విజయవాడ మే నెల వేడికి నాలుగైదు గంటలు చాలు. రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి గిన్నె పొంగి గట్టు మీదికి వస్తుంది. డిసెంబరులో పది గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు.

"కళాయి గిన్నెలో చింతపండు ఉడికించి" అన్నప్పుడు లోపల తగరం పూత పెట్టిన ఇత్తడి గిన్నె అని అర్థం. పూత పోయిన ఇత్తడిలో పులుపు వండకూడదు. స్టీలు గిన్నె వాడండి, రాచ్చిప్ప, అంటే రాతి గిన్నె ఉంటే మరీ మంచిది.

5. అరిసెలు

ఎక్కువ ప్రశ్నలు వచ్చేది దీని మీదే కాబట్టి వివరంగా.

కావలసినవి: పచ్చి బియ్యం 1 కిలో, బెల్లం 700 గ్రాములు, నువ్వులు 50 గ్రాములు, నెయ్యి 50 గ్రాములు, యాలకుల పొడి చెంచా, వేయించడానికి నూనె. సన్న బియ్యం కంటే కాస్త దొడ్డు బియ్యం మేలు. ఉప్పుడు బియ్యం పనికిరాదు.

5.1 బియ్యం 24 గంటలు నానాలి. మధ్యలో రెండుసార్లు నీళ్ళు మార్చండి. మార్చకపోతే పిండికి పులిసిన వాసన పడుతుంది.

5.2 జల్లెడలో వేసి నీళ్ళు పూర్తిగా కారనిచ్చి, బట్ట మీద పావుగంట ఆరబెట్టండి. గింజ పట్టుకుంటే చల్లగా, తడిగా తెలియాలి, కానీ అరచేతికి నీరు అంటకూడదు. ఇంతకు మించి ఆరితే అరిసెలు గట్టిపడతాయి.

5.3 వెంటనే మర పట్టించండి. తడిపిండి పట్టే మరకు ముందే చెప్పి ఉంచాలి. సంక్రాంతి వారంలో అక్కడ వరుసలో నిలబడి ఉండగానే బియ్యం ఆరిపోతాయి. అందుకే డబ్బాలో తడిబట్ట కప్పి తీసుకెళ్ళండి. తెచ్చిన పిండిని జల్లించి, గిన్నెలో అదిమి, మూత పెట్టండి. పిడికిట పట్టి నొక్కితే ముద్దగా నిలవాలి.

5.4 బెల్లం చితక్కొట్టి, ఒక గ్లాసు నీళ్ళు పోసి కరిగించి వడకట్టండి. ఇసుక, చెరుకు పిప్పి ఇక్కడే పోతాయి. మళ్ళీ పొయ్యి మీద పెట్టి కలుపుతూ ఉండండి.

5.5 పాకం చూడటం. పళ్ళెంలో చల్లటి నీళ్ళు పోసి అర చెంచా పాకం వేయండి. వేసీ వేయగానే కరిగిపోతే లేత. అడుగున తీగలా నిలిచినా చేతికి రాకపోతే ఇంకా కొంచెంసేపు. వేలితో దగ్గరకు లాగితే మెత్తని ఉండగా చేతికి వచ్చి, వేళ్ళ మధ్య నొక్కితే అణగాలి. అదే అరిసెల పాకం. ఉండ పళ్ళేనికి కొడితే టంగుమని మోగితే ముదిరినట్టు; అది పల్లీపట్టీకి పనికొస్తుంది, అరిసెకు కాదు. థర్మామీటరు ఉన్నవాళ్ళు 112 నుంచి 116 డిగ్రీల మధ్య చూసుకోవచ్చు. అయినా నీళ్ళ పళ్ళెం మానకండి.

5.6 పాకం దించి నువ్వులు, యాలకుల పొడి, నెయ్యి వేయండి. ఒకరు పిండి గుప్పెడు గుప్పెడు వేస్తుంటే ఇంకొకరు తెడ్డుతో ఆపకుండా తిప్పాలి. ఒంటరిగా చేసేవాళ్ళు అరకిలోకు మించి పెట్టుకోవద్దు. పిండి అంతా పట్టాలన్న నియమం లేదు. చపాతీ ముద్ద కంటే మెత్తగా, గరిటె నుంచి బరువుగా జారేలా ఉన్నప్పుడు ఆపేయండి. చల్లారితే అదే గట్టిపడుతుంది. మిగిలిన పిండిని దాచి ఉంచండి, అవసరం పడొచ్చు.

5.7 చలిమిడి మీద నెయ్యి రాసి, మూత పెట్టి గంట ఆగండి. నిమ్మకాయంత ఉండ తీసుకుని అరిటాకు మీద వేలి మందాన తట్టండి. నూనె మధ్యస్థంగా కాగాలి. పొగ వస్తుంటే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. ఒకటి వేసి పొంగి పైకి తేలాక తిప్పి, ఎర్రగా వేగాక రెండు చిల్లుల గరిటెల మధ్యో, అరిసెల చెక్కల మధ్యో పెట్టి గట్టిగా నొక్కండి.

5.8 నొక్కినవాటిని ఒకదాని మీద ఒకటి పేర్చకండి. విడివిడిగా పూర్తిగా చల్లారాకే డబ్బాకు ఎత్తాలి.

మొదటి అరిసె పరీక్షకే. దాన్ని చూసి సరిదిద్దుకోండి:

- నూనెలో విడిపోయి పిండి తేలితే: పాకం లేతగా ఉంది, లేదా పిండి చాలలేదు. దాచిన తడిపిండి రెండు గుప్పెళ్ళు చలిమిడిలో మర్దించండి.
- తట్టేటప్పుడు అంచులు పగిలితే: చలిమిడి ఆరింది. వేడిపాలు చెంచా చెంచాగా చిలకరించి పిసకండి.
- చల్లారాక పంటికి గట్టిగా తగిలితే: పాకం ముదిరింది. వేడిపాలతోనే పిసికి, అరిసెను ఇంకొంచెం మందంగా తట్టి, తక్కువ సేపు వేయించండి. పూర్తిగా బాగుపడదు, తినేలా అవుతుంది.
- నూనె ఎక్కువగా పీలిస్తే: నూనె చాలినంత కాగలేదు.

6. పండుమిర్చి గోంగూర

పండుమిరపకాయలు వచ్చేది జనవరి, ఫిబ్రవరి నెలల్లో. పుస్తకంలో "ఎర్రమిరప" అని ఉంటే అది పండుదా, ఎండుదా అని తేల్చుకున్నాకే కొనండి. తూకం ఇచ్చి "దంచి జాడీలో మూడు రోజులు" అని ఉంటే అది పండుమిర్చే.

కావలసినవి: పండుమిరపకాయలు 500 గ్రాములు, కాడలు తీసిన గోంగూర 500 గ్రాములు, గింజ, ఈనె తీసిన చింతపండు 100 గ్రాములు, కల్లుప్పు 125 గ్రాములు, పసుపు చెంచా, వేయించి పొడి చేసిన మెంతులు 2 చెంచాలు, పప్పునూనె, అంటే నువ్వుల నూనె 200 మిల్లీలీటర్లు. గోంగూర కట్టలో కాడల బరువే ఎక్కువ కాబట్టి ఆకు అరకిలో కావాలంటే కిలోకు పైగా కొనాలి. ఎర్రకాడ గోంగూర పులుపు ఎక్కువ. అది దొరికితే చింతపండు 75 గ్రాములకు తగ్గించండి.

6.1 మిరపకాయలను తొడిమతోనే కడిగి, తుడిచి, నీడన ఆరబెట్టండి. తొడిమ తీసి కడిగితే కాయలోకి నీరు దిగుతుంది, ఆ నీరే పచ్చడిని బూజు పట్టిస్తుంది. ఆరాకే తొడిమలు తీయాలి.

6.2 గోంగూర కడిగి, బట్ట మీద పలచగా పరిచి, రాత్రంతా ఫ్యాను కింద ఉంచండి. ఆకు వాడినా ఫరవాలేదు. మడతలో తడి మిగలకూడదు.

6.3 కాయలు, ఉప్పు, పసుపు కచ్చాపచ్చాగా దంచండి. మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పండి, గింజ నలగకూడదు. జాడీలో సగం వేసి, మధ్యలో చింతపండు పెట్టి, మిగతాది పైన అదమండి. జాడీ మూతికి గుడ్డతో వాసెన కట్టి రెండు రాత్రులు ఉంచండి.

6.4 మూడో రోజు చింతపండు ఊటలో నాని మెత్తబడి ఉంటుంది. అంతా తీసి మళ్ళీ రుబ్బండి. నీళ్ళు చుక్క కూడా తగలనివ్వకండి.

6.5 నూనెలో సగం కాచి గోంగూర మగ్గించండి. ముందు నీరు వదిలి, తర్వాత ఇగిరి, ముద్దగా దగ్గరపడి, నూనె పక్కకు వస్తుంది. అప్పటిదాకా దించొద్దు. పూర్తిగా చల్లారాక మిరప ముద్దలో మెంతిపొడితో కలిపి రోట్లో రెండు పోట్లు వేయండి.

6.6 మిగతా నూనె కాచి చల్లార్చి పైన పోయండి. తాలింపు జాడీ మొత్తానికి వద్దు. వారానికి సరిపడా తీసుకుని దానికే వెల్లుల్లి, ఎండుమిర్చి, ఆవాలతో వేసుకోండి.

ఉప్పు ఎక్కువైతే ఇంకొంచెం గోంగూర ఉప్పు లేకుండా మగ్గించి కలపండి. కారం ఎక్కువైనా అదే మందు. నాలుగు రోజులకు పైన నురగ కట్టి, పులిసిన వాసన వస్తే మళ్ళీ వేడిచేసి కాపాడుకుందామని చూడకండి. పారేయడమే.

7. సున్నుండలు, పులిహోర

ఈ రెండింటికీ పుస్తకాల్లోని కొలతలు సాధారణంగా సరిగానే ఉంటాయి. తప్పేది ఒక్కోచోటే.

సున్నుండలకు పొట్టు మినుములు కిలో, బెల్లం 750 గ్రాముల నుంచి కిలో, నెయ్యి 350 గ్రాములు. మినుములను సన్నని మంట మీద ఓపికగా వేయించి, గింజ కొరికితే లోపల కూడా గోధుమరంగు తిరిగిందని చూసుకోండి. పాతకాలం పిండి తిరగలిలో విసిరినది, కాస్త బరక. మిక్సీలో మెత్తగా కొడితే ఉండ అంగిట అతుక్కుంటుంది. మరలో పట్టించేవాళ్ళు "బరకగా" అని ముందే చెప్పాలి. ఉండ నిలవకపోతే నెయ్యి పోసెయ్యకండి. ముందు పిండీ బెల్లం కలిపి ఇంకోసారి దంచి చూడండి. బెల్లం జిగురుకే చాలాసార్లు ఉండ కడుతుంది.

పులిహోరలో తప్పు అన్నం వేడి దగ్గర. పలుకుగా వండిన అన్నాన్ని వెడల్పు పళ్ళెంలో ఆరబోసి, పసుపు, రెండు గరిటెల నూనె, పచ్చి కరివేపాకు వేడి మీదే వేయాలి. చింతపండు పులుసు మాత్రం అన్నం గోరువెచ్చగా అయ్యాకే. పావుకిలో బియ్యానికి నిమ్మకాయంత చింతపండు చాలు. పులుసు పచ్చిమిర్చి చీలికలతో ఉడికి, నూనె తేలి, గరిటెకు అంటుకునేంత చిక్కబడాలి; పలచగా ఉండగా కలిపితే అన్నం మెత్తబడి ముద్దవుతుంది. ఆవపిండి వేయమని ఉంటే చివర్లో, చల్లారాక వేయండి. వేడి మీద వేస్తే చేదు.

8. ఇసుక మీద కేకు

ఈ పుస్తకాల చివరి పేజీల్లో హోం సైన్స్ టీచరమ్మ రాసిన కేకు తప్పకుండా ఉంటుంది, ఔన్సుల్లో. మైదా 8 ఔన్సులు, చక్కెర 8, వెన్న 8, గుడ్లు 4. మైదా, చక్కెర, వెన్న 225 గ్రాముల చొప్పున అన్న మాట. బేకింగ్ పౌడరు చెంచా.

ఇంటి వెన్న అయితే చల్లటి నీళ్ళలో రెండుసార్లు కడిగి, మజ్జిగ మిగలకుండా పిండి తూచండి. చక్కెరను పొడి చేయండి. వెన్న, చక్కెర తెల్లబడి నురగలా అయ్యేదాకా ఒకే వైపు గిలకొట్టాలి. చేత్తో అయితే 20 నిమిషాలు. గుడ్లు ఒక్కొక్కటే కలపండి. పిండి చివర్లో, మెల్లగా.

మందపాటి పాత గిన్నెలో అంగుళం మందాన శుభ్రమైన పొడి ఇసుక పోసి, మూత పెట్టి 15 నిమిషాలు వేడెక్కనివ్వండి. ప్రెషర్ కుక్కరు వాడితే రబ్బరు, వెయిటు తీసేయండి. కొత్త కుక్కరును దీనికి బలిపెట్టకండి. ఇసుక మీద చిన్న స్టాండు, దాని మీద వెన్న రాసి పిండి చల్లిన టిన్ను. టిన్ను సగానికి మించి నింపకూడదు. సన్నని మంట మీద 45 నుంచి 50 నిమిషాలు. మొదటి అరగంట మూత తీయొద్దు.

- మధ్యలో కుంగితే: మూత తొందరపడి తీశారు, లేదా బేకింగ్ పౌడరు ఎక్కువైంది.
- అడుగు మాడి పైన పచ్చిగా ఉంటే: స్టాండు లేదు, లేదా మంట ఎక్కువ. మూత అంచుకు తడిపిన గోధుమపిండి పూసి ఆవిరి బయటికి పోకుండా చూడండి, మంట సగానికి తగ్గించండి.
- పైన తడి బొట్లు పడితే: మూత లోపలికి పలచని బట్ట కట్టి, దాని కొసలు మూత పైకి ముడివేయండి. మంటకు వేలాడకూడదు.
- పుల్ల గుచ్చితే పిండి అంటుకుంటోందా? ఇంకో పది నిమిషాలు. పొడిగా వస్తే దించి, టిన్నులోనే పావుగంట ఉంచి, తర్వాత బోర్లించండి.